మిర్చి లారీ ఎక్కిన గిత్త

రాఘవమ్మకి నచ్చిన మనుషులు లోకంలో చాలా తక్కువ. ఉన్న ఆ కొద్దిమందీ కూడా ఎదురుగా లేనప్పుడే ఎక్కువ నచ్చేవాళ్ళు.

అలాగని ఆమె ఎవరినీ తిట్టేది కాదు. తిడితే ఎదుటివాడికి అంత విలువ ఇచ్చినట్టే కదా. మూతి కాస్త కుడివైపుకి తిప్పి, "ఆఁ, చూశాంలే" అనేది. అంతే. బూట్లేసుకుని మిరప కల్లంలోకి వచ్చిన బ్యాంకు ఆఫీసరుకి అదే మాట. వాన రాదని చెప్పిన రేడియోకి అదే మాట. ఎనభయ్యారులో గోదావరి పొంగి ఇంటి అరుగు దాకా వచ్చి వెనక్కి పోతే, నీళ్ళవైపు చూసి కూడా ఆ మాటే అన్నదని పాలేరు బిచ్యా ఇప్పటికీ చెబుతాడు.

వాళ్ళది కృష్ణా జిల్లా నుంచి వలసొచ్చిన కుటుంబం. అక్కడ ఉన్న కొంచెం పొలం అమ్ముకుని, భద్రాచలం దాటి చర్ల పోయే దారిలో అంతకు నాలుగింతలు కొన్నారు. మొదట పొగాకు, తర్వాత మిరప. పెనిమిటి వెంకటనారాయణ మెత్తటి మనిషి. ఆవిడ మూతి ఎటు తిరిగిందో చూసుకుని, తన అభిప్రాయం ఏమిటో తెలుసుకునేవాడు. మరిది మాత్రం ఖమ్మంలో ఎరువుల దుకాణం పెట్టి, మేడ కట్టి, ఆ మేడలో భార్య నిర్మలాదేవినీ, ఒక తెల్లటి బొచ్చుకుక్కనీ పెట్టాడు.

అసలు గొడవంతా ఆ మేడలోనే మొదలైంది. వరదొచ్చి పోయిన ఏడాది చివర్లో మరిది కూతురికి ఓణీల వేడుక చేశారు. చుట్టాలందరూ హాల్లో కూర్చున్నారు. నిర్మలాదేవి తోడికోడల్ని అద్దాల బీరువా దగ్గరికి తీసుకెళ్ళింది. ప్లాస్టిక్ పళ్ళ బుట్టకీ తాజ్‌మహల్ బొమ్మకీ మధ్య ఒక వెండిరంగు కప్పు ఉంది.

"ఇది మా స్నోయీకి వచ్చిందక్కయ్యా. డాగ్ షోలో ఫస్టు."

"ఏం చేసిందేమిటి?"

"చెయ్యడమేంటక్కయ్యా? అందంగా నుంచుంది."

"నుంచున్నందుకు కప్పిచ్చారా!" రాఘవమ్మ మూతి కుడివైపుకి ప్రయాణం కట్టింది. "ఆఁ, చూశాంలే. మా గిత్త అడవిపందుల్ని తరిమి తోటంతా కాస్తుంది. దానికి ఇంతవరకు ఎవడూ గ్లాసెడు మజ్జిగ కూడా ఇవ్వలేదు."

గిత్త అంటే ఎద్దు కాదు, కుక్క. మిరపకాయ కోతకొచ్చే భీమక్క చర్ల అవతల తన గూడెం నుంచి గంపలో పెట్టుకొచ్చి ఇచ్చిన పిల్ల. చిన్నప్పుడు కనపడ్డవాళ్ళనల్లా తలతో పొడిచేదని ఆ పేరు పెట్టారు. ఇటుకరాయి రంగు, పొడుగు కాళ్ళు, సన్నటి నడుము. పరుగెత్తితే దాని వెనక దుమ్ము లేచేలోపు అది చేను దాటేది.

నిర్మలాదేవి చిన్నగా నవ్వింది. "దేశవాళీ వాటినీ రానిస్తారక్కయ్యా. కానీ తెచ్చేవాళ్ళేరీ? సిగ్గుపడతారు."

హాల్లో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. ఆ నవ్వే కొంపముంచింది.

"ఈసారి షోకి మా గిత్తని తెస్తా," అంది రాఘవమ్మ, హాలంతా వినపడేలా. "కప్పు పట్టుకెళ్తా. పట్టుకెళ్ళలేకపోతే, అదే మైదానంలో, అందరూ చూస్తుండగా నీ స్నోయీకి నా చేత్తో స్నానం చేయిస్తా. సరేనా?"

నవ్వినవాళ్ళంతా ఇటు తిరిగి చూశారు. ఎందుకంటే అది చిన్న మాట కాదు. రాఘవమ్మ కుక్కని గడప తొక్కనివ్వని మనిషి. గిత్తకైనా ప్రేమంతా వాకిట్లోనే, బారెడు దూరంలోనే. స్నోయీ పొరపాటున కాలికి రాసుకుందంటే చీర మార్చుకుని వచ్చేది. అలాంటిది దాన్ని ఒళ్ళో పెట్టుకుని రుద్దడం! పైగా ఆవిడ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ వంశంలో ఎవరూ చూడలేదు. జీవితమంతా అందరినీ చూసి పెదవి విరిచిన మనిషి ఒక్కసారి ఓడిందంటే, అన్నేళ్ళుగా దాచుకున్న నవ్వులన్నీ చుట్టాలు ఒకేసారి బయటికి తీస్తారు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. తెలిసే మూతి ఇంకాస్త గట్టిగా తిప్పుకుని బస్సెక్కింది.

ఊరికొచ్చాక చిక్కొచ్చి పడింది. కప్పు తెస్తానందిగాని, కుక్కల పోటీ అంటే ఏమిటో ఆమెకి తెలియదు. అడగడానికి మనసొప్పదు. అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టేగా? చివరికి గేదెలకి సూదులు వెయ్యడానికి పశువుల దవాఖానా నుంచి కాంపౌండర్ ఆంథోని వస్తే, ఏదో మాటల్లో వచ్చినట్టు కదిపింది.

"ఆ ఖమ్మంలో కుక్కల్ని నిలబెట్టి ఏందో చూస్తారంటగా ఆంథోనీ. ఏం చూస్తారో వాళ్ళ మొహం."

"అంత పెద్దగేం లేదమ్మా. ఎడ్లను చూసినట్టే చూస్తరు," అన్నాడు ఆంథోని సూది కడుక్కుంటూ. "పండ్లు చూస్తరు, నడక చూస్తరు, ఒంటిమీద చెయ్యేసి నిగారింపు చూస్తరు. ఇగ ఆయెనక మార్కులేస్తరు."

"నువ్వు చూశావా?"

"నేను చూడలే. మా డాక్టర్ సారు చెప్తుంటే విన్న."

రాఘవమ్మ ఈ మాటల్లో మొదటిది చెవిలో వేసుకుని చివరిది వదిలేసింది. ఎడ్లను చూసినట్టే చూస్తారట! అయితే ఇంకేం కావాలి? ఆమె కాపురానికి వచ్చేనాటికి మామగారి ఒంగోలు గిత్తలు నాలుగు ఊళ్ళలో బహుమతులు కొట్టిన జత. పోటీకి ముందు వాటికి ఉలవలు ఉడకబెట్టింది, ఆముదం మర్దనా చేసింది, కొమ్ములకి రంగేసింది కొత్తకోడలుగా ఉన్న ఈ రాఘవమ్మే. పళ్ళు చూపించేటప్పుడు మూతి ఎలా ఎత్తి పట్టుకోవాలో కూడా మామగారు నేర్పారు. ఖమ్మంలో టై కట్టుకున్నవాళ్ళకి ఇదంతా తెలుసా?

"చూశాంలే," అనుకుంది.

మర్నాటి నుంచి గిత్త బతుకు మారిపోయింది. పొద్దున్నే ఉలవ గుగ్గిళ్ళు. అది వాసన చూసి తల తిప్పుకుంటే రెండు కోడిగుడ్లు కొట్టి కలిపారు. సాయంత్రం బిచ్యా దాన్ని నులకమంచానికి కట్టేసి, మెడ నుంచి తోక చివరిదాకా ఆముదం పట్టించేవాడు. మెడకి మామగారి కాలం నాటి మువ్వల పట్టెడ దుమ్ము దులిపి తగిలించారు. నుదుట దిష్టిచుక్క పెట్టారు. మువ్వలు మోగినప్పుడల్లా ఊళ్ళో కుక్కలన్నీ గోడెక్కి చూసేవి. గిత్త పోయి గడ్డివాము వెనక కూర్చునేది.

"అమ్మా, దీనికి సిగ్గయితాంది," అన్నాడు బిచ్యా.

"నీకా, దానికా?"

"ఇద్దరికీనమ్మా."

వెంకటనారాయణ ఒక్కసారి ధైర్యం చేశాడు. "కుక్కకి ఉలవలేమిటే? కడుపుబ్బరం చేస్తుందేమో."

ఆవిడ మూతి తిరిగింది. ఉలవలు కుక్కలకి మంచివేనని ఆయనకి వెంటనే అర్థమైంది.

అన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది పళ్ళ దగ్గర. వాకిట్లో చేతిలో బెల్లంముక్క పట్టుకుని "పళ్ళు!" అనేది రాఘవమ్మ. గిత్త మొదట్లో చెయ్యి నాకింది, తర్వాత తోకాడించింది, ఒకరోజు పారిపోయింది. కానీ బెల్లం బెల్లమే. నెలరోజులు తిరిగేసరికి ఆ మాట వినపడితే చాలు, గొంతులోపల కొండనాలుక కనిపించేదాకా నోరు తెరిచి నిలబడేది. పాలు పోయడానికి వచ్చిన మనిషి ఒకసారి తన పంటినొప్పి గురించి చెబుతుంటే కూడా తెరిచింది.

షో రోజు వచ్చింది. మిరపకాయల కాలం అది. తెల్లారగట్ట బస్టాండుకి వెళ్తే కండక్టర్ గిత్తనీ మువ్వల్నీ చూసి బస్సు తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"కుక్కను ఎక్కనియ్యనమ్మా."

"మనుషులకంటే శుభ్రంగా ఉందయ్యా ఇది. కావాలంటే నీ బస్సులో ఉన్నవాళ్ళని చూసుకో."

బస్సులో ఉన్నవాళ్ళకి ఆ మాట నచ్చలేదు. బస్సు వెళ్ళిపోయింది. కానీ రాఘవమ్మ దిగాలుపడే రకం కాదు. ఆ రోజు వాళ్ళ మిరపకాయల బస్తాలే లారీలో ఖమ్మం మార్కెట్టుకి వెళ్తున్నాయి. తను డ్రైవరు పక్కన ముందు ఎక్కింది. బిచ్యా, గిత్త వెనక బస్తాల మీద ఎక్కారు. ఎక్కే ముందు, దారిలో మెరుపు తగ్గకుండా గిత్తకి ఇంకో చేతెడు ఆముదం పట్టించమని చెప్పింది.

ఇక్కడే జరిగింది పొరపాటు. ఒళ్ళంతా ఆముదం, కింద ఎండుమిరప బస్తాలు, దారంతా గుంతలు. లారీ ఎగిరిపడ్డప్పుడల్లా గోనెల్లోంచి కారపు దుమ్ము లేచి గిత్త మీద పడింది. పడిందల్లా అక్కడే అంటుకుంది. అసలే అది ఇటుకరంగు కుక్క, తేడా కనపడదు. బిచ్యాకి తుమ్ము రాలేదు, గిత్తకీ రాలేదు. ఇద్దరూ కల్లాల్లో పెరిగినవాళ్ళే, ఆ ఘాటు వాళ్ళకి ఇంటి వాసన. మార్కెట్టు దగ్గర దింపుకుని చూసిన రాఘవమ్మకి కుక్క నిగనిగలాడుతూ, మామూలుకన్నా ఎర్రగా, కుంకుమలో ముంచినట్టు కనిపించింది.

"అబ్బ, కళొచ్చిందిరా బిచ్యా!" అంది. అన్నేళ్ళ నౌకరీలో బిచ్యా ఆవిడ నోట విన్న మొదటి మెప్పు అదే. అదీ కుక్కకి వెళ్ళింది.

షో ఒక హైస్కూలు మైదానంలో పెట్టారు. షామియానా, అరువు కుర్చీలు, "హలో హలో మైక్ టెస్టింగ్" తప్ప ఇంకేమీ చెప్పని మైకు. రాఘవమ్మ చుట్టూ ఒకసారి చూసింది. కాళ్ళు లేనట్టు నేలబారుగా పాకేది ఒకటి, మొహం మీద ఎవరో కూర్చుని లేచినట్టున్నది ఒకటి, ఎండాకాలంలో స్వెట్టరు వేసుకున్నది ఒకటి. ఒక రిటైరైన హెడ్మాస్టరు గారి ముసలి డాబర్‌మన్ అయితే కుర్చీ కింద పడుకుని గుర్రు పెడుతోంది. వీటికి తగ్గట్టే యజమానులు. కుక్కకి ఇంగ్లీషులో చెప్పి, డ్రైవరుకి తెలుగులో చెబుతున్నారు.

"ఇవా పోటీకొచ్చినవి! చూశాంలే," అని ఒక కుర్చీ లాక్కుంది.

నిర్మలాదేవి పట్టుచీరలో వచ్చింది. చంకలో స్నోయీ, దాని నెత్తిన గులాబీ రంగు రిబ్బను. కుక్క నుంచి బాలింతరాలి గదిలో వచ్చే పౌడరు వాసన వస్తోంది.

"వచ్చారా అక్కయ్యా! ఏంటీ, మువ్వలు కూడా కట్టారూ? ఎక్కడైనా కోలాటం ఉందా?"

"ఉంది. నీ స్నోయీ ఆడటం అయ్యాక మాది ఆడుతుంది."

జడ్జి మిలటరీలో చేసి రిటైరైన పశువుల డాక్టరు. హైదరాబాదు నుంచి పిలిపించారు. కొనదేరిన మీసం, తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. వచ్చిన కుక్కలు తక్కువ కాబట్టి జాతులు విడదీయకుండా అన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టారు. మొదట నడక అన్నారు. బిచ్యా గిత్త పగ్గం పట్టుకుని "హో, హో" అంటూ బయల్దేరాడు. వెంటనే బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన పరుగెత్తుకొచ్చాడు.

"యజమాని నడిపించాలండీ. కుక్కతో పాటు మీరూ పరుగెత్తాలి."

"పందెం నాకా, కుక్కకా?"

"రూలమ్మా."

నిర్మలాదేవి అప్పుడే కొంగు దోపుకుని వయ్యారంగా పరుగు మొదలుపెట్టింది. ఇంకేం చేస్తుంది రాఘవమ్మ? కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, చెప్పులు బిచ్యాకిచ్చి, పగ్గం చేతికి చుట్టుకుంది. గిత్తకి అంత ఖాళీ మైదానం కనపడేసరికి ఏ పందో ఉందనుకుంది కాబోలు. ఒక చుట్టు గిత్త తిరిగింది, రాఘవమ్మ దాని వెనక ఎగిరింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎవరికో ఆవిడ అడగలేదు. వరసలోకి తిరిగొచ్చేసరికి ముడి ఊడిపోయి, ఊపిరి అందక, మూతి తిప్పడానికి కూడా ఓపిక లేకుండా నిలబడింది. కానీ జడ్జి తల ఊపడం ఆమె కంటపడింది.

తర్వాత ఒక్కోదాన్నీ చెయ్యి పెట్టి చూడటం. స్వెట్టరు కుక్క జడ్జి వేలు పట్టుకోబోయింది. మొహం చదునుది నోరు తెరవలేదు. జడ్జి చిరాకుగా గిత్త దగ్గరికి వచ్చి వంగాడు.

"పళ్ళు!" అంది రాఘవమ్మ.

గిత్త నోరు తెరిచి కొండనాలుక చూపించింది. జడ్జి మీసం సంతోషంతో పైకి లేచింది. "వెరీ గుడ్! ఎవరు నేర్పారమ్మా? నా సర్వీసులో ఇలాంటి కుక్కని చూడలేదు." కాళ్ళు చూశాడు, నడుము చూశాడు. "మంచి కట్టు. ఇది అసలైన వేటకుక్క." పక్కనే నిర్మలాదేవి మొహంలో పౌడరు కన్నా తెలుపు వచ్చింది. రాఘవమ్మకి అప్పటికే బీరువా, బీరువాలో కప్పు కనపడుతున్నాయి. జడ్జి రెండు చేతులూ గిత్త మెడ మీద వేసి, వీపు మీదుగా తోకదాకా నిమిరాడు.

నిమిరి, చేతులు చూసుకున్నాడు. రెండూ ఎర్రగా జిడ్డుగా మెరుస్తున్నాయి. వాసన చూశాడు. ఒక తుమ్ము తుమ్మాడు. మిలటరీ మనిషి కదా, ఏమీ అనకుండా జేబురుమాలుకి పైపైన తుడుచుకుని స్నోయీ వైపు తిరిగాడు.

అప్పటికి రాఘవమ్మకి అర్థమైంది. లారీ, బస్తాలు, ఆముదం అన్నీ ఒక్క క్షణంలో వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. "అయ్యా, ఆగండి," అందామనుకుంది. అంటే ఏమవుతుంది? కప్పు పోతుంది. అనకపోతే? ఆ ఊగిసలాటలో ఉండగానే జడ్జి స్నోయీ వీపు తట్టాడు. గుప్పుమని తెల్లటి పొగ లేచింది. ఆముదం చేతికి పౌడరు పిండిలా అంటుకుంది. ఆయన కోపంగా "ఇదేంటమ్మా?" అంటూనే, స్నోయీ నోరు తెరిచి రెండు వేళ్ళు పెట్టాడు.

స్నోయీ కేక ఖమ్మం స్టేషను దాకా వినపడి ఉంటుంది. అది ఎగిరి నేలమీద పడి దొర్లుతోంది. ఆ గలాటాలో జడ్జి కళ్ళలోకి కారిన చెమట తుడుచుకున్నాడు, అదే చేత్తో. మైకులో ఎవరో కంగారుగా, "డాక్టరుగారు ఎక్కడున్నా వెంటనే షామియానా దగ్గరికి రావాలి," అని పిలవసాగారు. అక్కడున్న ఒకే ఒక్క డాక్టరు షామియానా గుంజ పట్టుకుని ఏడుస్తున్నాడు.

"కళ్ళకి నీళ్ళు కొట్టండి! చేతులకి పెరుగు పుయ్యండి!" రాఘవమ్మ అరిచింది. "బిచ్యా, రోడ్డు మీద పెరుగు దొరుకుద్ది, జల్దీ తే!" కల్లంలో ఇలాంటివి ఆమెకి కొత్త కాదు.

అరగంటకి జడ్జి కళ్ళు తెరిచి తీర్పు చెప్పాడు. బొచ్చుకి ఏదైనా రాసి తెచ్చిన కుక్క పోటీకి పనికిరాదట. నూనె రాసింది ఒకటి, పౌడరు పూసింది ఒకటి, రెండూ అవుట్. కప్పు పొద్దుటి నుంచీ నిద్రపోతున్న హెడ్మాస్టరు గారి డాబర్‌మన్‌కి ఇచ్చారు. దాన్ని నిద్రలేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

రాఘవమ్మ గిత్త పగ్గం గుంజకి కట్టేసింది. తర్వాత చెంగు నడుముకి బిగించి, తోడికోడలి దగ్గరికి వెళ్ళి చేతులు చాపింది.

"ఇటివ్వు."

"ఇప్పుడెందుకులే అక్కయ్యా," నిర్మలాదేవి కుక్కని గుండెకి హత్తుకుంది. "ఇంటికెళ్ళాక చూద్దాం."

"ఇక్కడే అన్నాగా. ఇక్కడే పోస్తా. దాని నోరు మండుతోంది, అదైనా చూడు."

మైదానం మూల ఒక పంపు ఉంది. రాఘవమ్మ గట్టుమీద కూర్చుని స్నోయీని ఒళ్ళోకి తీసుకుంది. జీవితంలో మొదటిసారి. ముందు దాని నాలుకకి పెరుగు రాసింది. అది వేలు నాకి, ఏడుపు ఆపి, చీరలోకి ముడుచుకుంది. జనం దూరం నుంచి చూస్తున్నారు. బిచ్యా పంపు కొడుతుంటే ఆమె నీళ్ళు పోసి రుద్దసాగింది. తెల్లటి నీళ్ళు పోయాయి. ఇంకా తెల్లటి నీళ్ళు పోయాయి. అవి పోతున్నకొద్దీ కింద నుంచి పాలు తక్కువేసిన టీ రంగు బయటికి రావడం మొదలైంది. వీపు మీద టీ, చెవుల దగ్గర డికాషన్.

రాఘవమ్మ చెయ్యి ఆగింది. తలెత్తి నిర్మలాదేవి వైపు చూసింది. ఆ పట్టుచీర మనిషి నేలచూపులు చూస్తోంది. బీరువాలోకి కప్పు ఎలా వచ్చిందో రాఘవమ్మకి తెలిసింది, తెలిసిందని నిర్మలాదేవికీ తెలిసింది.

ఇంత మంచి అవకాశం ఆ మూతికి మళ్ళీ రాదు. చుట్టూ జనం, చేతిలో సాక్ష్యం. బిచ్యా పంపు కొట్టడం ఆపి, ఆ మాట కోసం ఎదురుచూశాడు.

రాఘవమ్మ తన పమిట చెంగు లాగి, స్నోయీని ముక్కు మాత్రం బయటికి పెట్టి మొత్తం చుట్టేసింది. లేచి నిలబడింది. "తడిసిపోయింది, జలుబు చేస్తుంది," అని జనం మధ్య నుంచి దాన్ని చంకలో పెట్టుకుని రిక్షా దాకా మోసుకెళ్ళింది. నిర్మలాదేవి వెనకే వచ్చింది, రాఘవమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని.

చుట్టాలు అడిగితే రాఘవమ్మ చెప్పిన సమాధానం ఒక్కటే: "ఆ జడ్జికి కుక్కకీ మేకకీ తేడా తెలీదు. కారం పడితే ఏడ్చేవాడు మిలటరీలో ఏం చేశాడో!"

మరుసటి ఏడు గిత్తని కుంకుడుకాయలతో రుద్ది, లారీలో డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, తను వెనక బస్తాల మీద ఎక్కి మళ్ళీ వెళ్ళింది. మూడో బహుమతిగా స్టీలు పళ్ళెం వచ్చింది. "ఆఁ, చూశాంలే," అని దాంట్లో కోళ్ళకి నూకలు వేసింది. కానీ రోజూ సాయంత్రం ఆ పళ్ళేన్ని తనే తోముకునేది, పనిమనిషికి ఇచ్చేది కాదు.

స్నోయీ మాత్రం మళ్ళీ పోటీకి రాలేదు. నిర్మలాదేవి కప్పు బీరువాలోనే ఉంది. అప్పుడప్పుడు నలుగురిలో ఆవిడ కొత్త ఫ్రిజ్ గురించో, అల్లుడి ఉద్యోగం గురించో గొంతు పెంచుతుంది. రాఘవమ్మ మూతి తిప్పదు. విసనకర్ర ఊపుకుంటూ ఎంతో ప్రేమగా అడుగుతుంది:

"ఏమే నిర్మలా, ఈమధ్య స్నోయీకి నీళ్ళు పోశావా?"

"కాఫీ తెస్తానక్కయ్యా," అని నిర్మలాదేవి లేస్తుంది.